చుక్కలు చూద్దాం, చూసింది రాద్దాం



ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. నేను మన చుక్కల సంఘం గురించి రాస్తున్నాను. సంఘంలో ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పదకొండు మందిమి ఉన్నాం. సంఘం నోటుబుక్కు రాసే పని నాది.

మన దగ్గర ఉన్న సామాను ఇది. సైన్సు మాస్టారి సొంత బైనాక్యులర్ ఒకటి. మేమందరం కలిసి ప్లాస్టిక్ గొట్టంతో చేసుకున్న టెలిస్కోపు ఒకటి. ఎర్ర గాజుకాగితం కట్టిన టార్చిలైటు ఒకటి. వంద పేజీల నోటుబుక్కు ఒకటి. వీటిలో ఏది ముఖ్యం అని అడిగితే అందరూ టెలిస్కోపు అంటారు. నేను మాత్రం నోటుబుక్కు అంటాను. ఎందుకో ఈ పాఠం చదివితే మీకే తెలుస్తుంది.

1. ముందు మన కళ్లు

చుక్కలు చూడడానికి మొదటి సాధనం కన్ను. దానికి డబ్బు అక్కర్లేదు. కానీ కన్ను చీకటికి అలవాటు పడాలి. వెలుగులోంచి చీకట్లోకి రాగానే మన కంటిపాప చిన్నదిగా ఉంటుంది. మెల్లగా పెద్దదవుతుంది. కంటి లోపల కూడా మార్పు జరుగుతుంది. మొత్తం మీద 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా తెల్ల టార్చి వేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఎర్ర వెలుగు అంత చెడగొట్టదు. అందుకే టార్చికి ఎర్ర కాగితం కట్టాం.

దీన్ని నేను పరీక్ష చేసి చూశాను. ఆకాశంలో పిల్లల కోడి అనే చుక్కల గుంపు ఉంది గదా. పుస్తకంలో కృత్తిక అని ఉంటుంది. మైదానంలో పెద్ద లైటు వెలుగుతుండగా లెక్కపెడితే నాకు నాలుగు చుక్కలే దొరికాయి. లైటు తీసేసి అరగంట కూర్చున్నాక ఆరు దొరికాయి. బైనాక్యులర్‌తో చూస్తే లెక్కపెట్టలేకపోయాను. చుక్కలు అవే, కన్నూ అదే. తేడా అంతా లైటుతోనే వచ్చింది.

ఇంకో కిటుకు ఉంది. బాగా మసకగా ఉన్న చుక్కను సూటిగా చూడొద్దు. దాని పక్కకు కొంచెం ఓరగా చూడండి. అప్పుడు బాగా కనిపిస్తుంది. కంటి నడిమి భాగం రంగులు, చిన్న అక్షరాలు చూడడానికి మంచిది. తక్కువ వెలుగును పట్టుకోవడానికి దాని పక్క భాగం మంచిది.

2. పిడికిలితో కొలత

ఆకాశంలో దూరాలను మీటర్లలో చెప్పలేం. డిగ్రీల్లో చెప్పాలి. చెయ్యి పూర్తిగా ముందుకు చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు సుమారు 1 డిగ్రీ. చంద్రుడు అర డిగ్రీయే. అంటే పున్నమి చంద్రుణ్ణి సగం చిటికెన వేలితో మూసేయొచ్చు. నమ్మకపోతే చూడండి.

ఈ పిడికిలితో మనం ఎక్కడ ఉన్నామో కూడా తెలుస్తుంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రం నేల అంచు నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మన అక్షాంశం దాదాపు అంతే. మేము మెస్సు వరండా పక్కన నిలబడి కొలిచాం. రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ వచ్చింది. అట్లాసు తీసి చూస్తే మన పాడేరు ప్రాంతం 18వ అక్షాంశం దగ్గర ఉంది. చెయ్యి ఒక్కటే వాడి సాంఘికశాస్త్రం అట్లాసును సరిచూసుకున్నాం!

ఫిబ్రవరి నెలలో రాత్రి ఎనిమిదిన్నరకు దక్షిణం వైపు తిరగండి. అక్కడ కూడా దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులో ఒక పెద్ద చుక్క ఉంటుంది. దాని పేరు అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలో కాంతిలో రెండోది అదే. మనకంటే బాగా ఉత్తరాన ఉన్న దేశాల వాళ్లకు అది అసలు కనిపించదు.

3. అవ్వల దగ్గరి పేర్లు

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అవ్వకు అక్షరం రాదు. అయినా చుక్కలు తెలుసు. వరసగా ఉండే మూడు చుక్కల్ని గొల్ల కావడి అంటాది. ఇంగ్లీషు పుస్తకంలో అవి ఓరియన్ అనే వేటగాడి నడుం పటకా. పిల్లల కోడి చీకటి పడగానే తూర్పు కొండ మీదికి వస్తే వరి కోతల కాలం అని అవ్వ చెప్పింది. మాస్టారు లెక్క చూసి, నవంబరు మూడో వారంలో అది పొద్దు దిగగానే లేస్తుందని చెప్పారు. రెండు లెక్కలూ కలిశాయి.

కాబట్టి సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ అవ్వల్ని, తాతల్ని అడిగి చుక్కల పేర్లు రాసుకు రండి. మీ ఇంటి భాషలో ఉన్న పేరును అలాగే రాయండి. దాన్ని తెలుగులోకి మార్చనవసరం లేదు. నోటుబుక్కులో చివరి పది పేజీలు వాటికోసమే వదిలాను.

4. బైనాక్యులర్

మాస్టారి బైనాక్యులర్ మీద 10×50 అని ఉంటుంది. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుంది. 50 అంటే ముందున్న అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. చీకట్లో మన కంటిపాప వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లే. వైశాల్యాలు లెక్క కడితే ఆ అద్దం కంటికంటే సుమారు 50 రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. వానలో గ్లాసు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? ఇదీ అంతే.

చేతితో పట్టుకుంటే చుక్కలు వణుకుతాయి. గోడకు వీపు ఆనించి కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద పెట్టి చూడండి. లేకపోతే టార్పాలిన్ మీద పడుకుని చూడండి. గొల్ల కావడి కింద వేలాడే చిన్న చుక్కల్లో ఒకటి పొగమంచులా కనిపిస్తుంది. అది కొత్త చుక్కలు పుట్టే మబ్బు. దాని వెలుగు మన దగ్గరికి రావడానికి సుమారు 1,300 ఏళ్లు పడుతుంది.

5. మన గొట్టం టెలిస్కోపు

ఇందులో రెండు కుంభాకార కటకాలు ఉన్నాయి. ముందున్నది వస్తు కటకం. దాని నాభ్యంతరం 100 సెం.మీ. కన్ను పెట్టే చోట ఉన్నది అక్షి కటకం. దాని నాభ్యంతరం 2.5 సెం.మీ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 40 వస్తుంది. అంటే 40 రెట్లు. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చంద్రుడికి తలకిందులైతే ఏమీ నష్టం లేదు. వాడేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

(అ) సూర్యుణ్ణి టెలిస్కోపుతోగాని, బైనాక్యులర్‌తోగాని ఎప్పుడూ చూడకూడదు. ఒక్క క్షణం చాలు, కన్ను పోతుంది. అందుకే పగలు టెలిస్కోపు బీరువాలోనే ఉంటుంది. తాళం మాస్టారి దగ్గర ఉంటుంది.

(ఆ) చూడడానికి అరగంట ముందే టెలిస్కోపును బయట పెట్టాలి. లోపలి వెచ్చని గాలి బయటి చలితో సమానం అయ్యేదాకా బొమ్మ మరిగే నీళ్లలో చూసినట్టు కదులుతుంది.

(ఇ) గొట్టం లోపల నల్ల కాగితం అంటించాలి. లేకపోతే పక్క వెలుగు గొట్టం గోడలకు తగిలి బొమ్మ తెల్లబారుతుంది.

(ఈ) చేతితో పట్టుకుని చూడడం కుదరదు. మేము బోర్లించిన మెస్సు డ్రమ్ము మీద ఇసుక మూట పెట్టి, దానిలో గొట్టాన్ని ఒత్తి నిలబెడతాం. గొట్టం పైన రెండు మేకులు ఉన్నాయి. వాటి సూటిలో చుక్కను పట్టుకుంటే లోపల త్వరగా దొరుకుతుంది.

(ఉ) చుక్క దొరికాక రెండు మూడు నిమిషాల్లో పక్కకు జారిపోతుంది. ఎవరూ గొట్టాన్ని తన్నలేదు, పోట్లాడుకోకండి. తిరుగుతున్నది భూమి. గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది.

(ఊ) కటకం మీద మంచు పడితే చున్నీతో తుడవకూడదు. గీతలు పడతాయి. దానంతట అదే ఆరనివ్వాలి. ముందువైపు అట్టతో పొడవాటి మూతిలా చుడితే మంచు తొందరగా పట్టదు.

6. నోటుబుక్కు ఎలా రాయాలి

ఒక్కో పరిశీలనకు ఆరు విషయాలు రాయాలి. తేదీ, టైము, ఎక్కడ నిలబడి చూశాం, ఆకాశం ఎలా ఉంది, దేనితో చూశాం, ఏం కనిపించింది. కింద చూసినవాళ్ల పేరు. బొమ్మ అక్కడే, అప్పుడే వెయ్యాలి. పొద్దున్న గుర్తు తెచ్చుకుని వేస్తే అది పరిశీలన కాదు, జ్ఞాపకం.

మబ్బు పడితే "మబ్బు" అని రాయాలి. అది కూడా పరిశీలనే. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చినప్పుడు మన నోటుబుక్కులో సగం లైన్లు మబ్బు అనే ఉన్నాయి. రాత్రి 9.57కి నీడ పట్టడం మొదలై, 11 గంటల తర్వాత చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లాడు. మబ్బు తప్పుకున్న కాసేపట్లో ఒక చెల్లెలు "కాల్చిన కుండ రంగు" అని రాసింది. అది చాలా సరైన మాట. సూర్యుడి వెలుగు భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్లేటప్పుడు నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ ఎరుపే చంద్రుడి మీద పడుతుంది.

డిసెంబరు 18, 19, 20 మూడు రాత్రులు గురుగ్రహాన్ని చూసి బొమ్మలు వేశాం. గురుడి పక్కన గీత గీసినట్టు చిన్న చుక్కలు ఉంటాయి. మూడు బొమ్మల్లోనూ వాటి చోటు మారింది. అవి గురుడి చందమామలు. గెలీలియో 1610 జనవరిలో ఇలాగే రోజూ బొమ్మలు వేసి, అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని కనుక్కున్నాడు. ఒక్క రాత్రి చూసి ఊరుకుంటే ఆ సంగతి తెలిసేది కాదు.

7. శనిగ్రహం రింగు సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2025 నవంబరు 22 శనివారం రాత్రి ఏడున్నరకు శనిగ్రహాన్ని చూశాం. దక్షిణాన చాలా ఎత్తులో ఉంది. అందరూ వరసగా చూసి బొమ్మలు వేశారు. నలుగురు పుస్తకంలో ఉన్నట్టే వెడల్పు రింగు వేశారు. ఏడో తరగతి చెల్లెలు ఒకామె మాత్రం గుండ్రటి చుక్క వేసి, రెండు పక్కలా సన్న గీత గీసింది. కింద "రింగు లేదు. సూది ఉంది. ఒకసారి కనబడుతుంది, ఒకసారి పోతుంది" అని రాసింది.

మిగతావాళ్లు నవ్వారు. "శనికి రింగు ఉంటుందని ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు, చెరిపేసి సరిగ్గా వెయ్యి" అన్నారు. ఆ చెల్లెలి ఇంట్లో కువి మాట్లాడతారు. తెలుగు మాట్లాడితే ఎవరైనా నవ్వుతారని తరగతిలో నోరు విప్పదు. వెంటనే రబ్బరు తీసింది. నోటుబుక్కు నా చేతిలో ఉంది. "చెరపొద్దు, టైము వెయ్యి" అని చెప్పాను.

సోమవారం మాస్టారికి చూపించాం. ఆయన చెప్పింది ఇది. శని రింగు వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 2 లక్షల 70 వేల కిలోమీటర్లు. మందం మాత్రం చాలా చోట్ల కొన్ని పదుల మీటర్లే. అడ్డాకు విస్తరిని పైనుంచి చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది. అంచు వైపు నుంచి చూస్తే గీతలా కనిపిస్తుంది. శని సూర్యుని చుట్టూ తిరగడానికి సుమారు 29 ఏళ్లన్నర పడుతుంది. ఆ ప్రయాణంలో సుమారు 15 ఏళ్లకు ఒకసారి రింగు అంచు మన వైపు తిరుగుతుంది. 2025 మార్చి 23న సరిగ్గా అలా తిరిగింది. నవంబరులో మళ్లీ చాలా సన్నబడింది. 2032 ప్రాంతంలో బాగా వెడల్పుగా కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మ వెడల్పుగా ఉన్నప్పటిది. చెల్లెలు వేసిన బొమ్మ ఆ రాత్రిది. రెండూ నిజమే. కానీ ఆ రాత్రి నోటుబుక్కులో ఉండాల్సింది చెల్లెలి బొమ్మే.

గెలీలియోకి కూడా 1612లో ఇలాగే జరిగింది. అంతకుముందు శని పక్కన కనిపించినవి మాయమైపోయాయి. అవేమిటో ఆయనకు అర్థం కాలేదు. అయినా కనిపించలేదనే రాశాడు. అది రింగు అని హాయ్‌గెన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1659లో పుస్తకం రాసి వివరించాడు. గెలీలియో సిగ్గుపడి రాయకుండా ఉంటే తర్వాతివాళ్లకు ఆధారం ఉండేది కాదు.

తర్వాత నిర్మలంగా ఉన్న రాత్రి అందరం మళ్లీ చూశాం. ఈసారి అందరూ సూదే వేశారు. ఆరో తరగతి పిల్లలకు శనిని ఎలా చూడాలో ఇప్పుడు ఆ చెల్లెలే చెబుతుంది. సైన్సు పీరియడులో చెయ్యి ఎత్తుతుంది కూడా.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నవాళ్లం. పుస్తకంలో ఉన్నదే ఒప్పు, మనకు కనిపించింది తప్పు అని తొందరగా అనుకుంటాం. పుస్తకాన్ని గౌరవించాలి. కానీ పుస్తకంలో రాసింది కూడా ఎవరో ఒకరు ఒక రాత్రి చూసి రాసుకున్నదే. అందుకని మన సంఘం నియమం ఇది: చూసింది రాయాలి, రాసింది చెరపకూడదు, అనుమానం ఉంటే పక్కన "అనుమానం" అని రాయాలి.

8. ఇలా రాసుకుని పేరు తెచ్చుకున్నవాళ్లు

కరోలిన్ హెర్షెల్: జర్మనీలో పుట్టింది. ఇంటి పనికే ఉంచాలని ఆమె తల్లి అనుకుంది. తర్వాత ఇంగ్లండులో అన్న విలియం టెలిస్కోపులో చూసి చెబుతుంటే ఆమె రాత్రంతా రాసేది. తర్వాత తానే చూడడం మొదలుపెట్టి 1786 ఆగస్టు 1న ఒక తోకచుక్కను కనుక్కుంది. మొత్తం ఎనిమిది కనుక్కుంది.

రాధాగోవింద చంద్ర: ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ వాడు. మెట్రిక్ పరీక్ష మూడుసార్లు తప్పాడు. ట్రెజరీ ఆఫీసులో చిన్న ఉద్యోగం చేశాడు. 1918 జూన్ 7న గరుడ రాశిలో కొత్త చుక్కను మామూలు కంటితో గుర్తుపట్టాడు. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే చుక్కల్ని చూసి, అమెరికాలోని పరిశీలకుల సంఘానికి 37 వేలకు పైగా లెక్కలు పంపాడు. వాళ్లు మెచ్చి 1926లో ఆయనకు ఆరంగుళాల టెలిస్కోపు పంపారు. అది తర్వాత మన దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు చేతికి వచ్చింది.

మన దగ్గరివాళ్లు కూడా ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత పరిశీలనశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుని ముందునుంచి దాటడాన్ని ఆయన విశాఖ నుంచే చూసి రాశారు. మన కొండ దిగితే విశాఖే గదా.

9. వార్డెన్ మేడం గారికి విన్నపం

డిసెంబరులో చలికి ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చాక రాత్రి మైదానంలోకి వెళ్లడం ఆపేశారు. మా మంచికే ఆపారని మాకు తెలుసు. వానాకాలంలో పాము వచ్చిన సంగతి కూడా మరవలేదు. మైదానం లైటు మా రక్షణకే ఉంది. కానీ నోటుబుక్కులో డిసెంబరు 20 తర్వాత పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. "మబ్బు" అని రాయడానికి కూడా లేదు, ఎందుకంటే ఆకాశం చూడలేదు.

కనుక మేము అడిగేది కొంచెమే. నెలకు రెండు రాత్రులు, అమావాస్యకు దగ్గరగా. భోజనాలు అయ్యాక ఎనిమిది నుంచి తొమ్మిదింటి దాకా. ఆ గంట మైదానం లైటు ఒక్కటి ఆపాలి. వరండా లైట్లు ఉండొచ్చు, మేము గోనెపట్టా కట్టుకుంటాం. ఈ షరతులు మేమే పెట్టుకుంటున్నాం: అందరూ చెప్పులు, స్వెట్టరు, చెవులకు గుడ్డ వేసుకోవాలి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు రాకూడదు. గడ్డిలో కాకుండా సిమెంటు గచ్చు మీదే కూర్చోవాలి. వాచ్‌మన్ తాత, ఒక టీచరు ఉంటేనే బయటికి రావాలి. వెళ్లేముందు, వచ్చాక తలలు లెక్కపెట్టాలి. పదో తరగతి అక్కల చదువుకు శబ్దం చేయకూడదు. వీటిలో ఏది తప్పినా ఆ నెల మానేస్తాం.

మీరు కూడా ఒక రాత్రి వచ్చి గురుడి చందమామల్ని చూడాలని సంఘం తరఫున పిలుస్తున్నాం. మీ పేరు, టైము కూడా నోటుబుక్కులో రాస్తాం.

10. ఈ నెల ప్రశ్నలు

(1) వస్తు కటకం నాభ్యంతరం 100 సెం.మీ., అక్షి కటకం నాభ్యంతరం 5 సెం.మీ. అయితే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది?
(2) శ్రీకాకుళం మనకంటే కొంచెం ఉత్తరాన ఉంది, తిరుపతి బాగా దక్షిణాన ఉంది. ధ్రువ నక్షత్రం ఎక్కడ ఎక్కువ ఎత్తులో కనిపిస్తుంది?
(3) మీ ఇంటి భాషలో పాలపుంతను ఏమంటారు?

మొదటి రెండింటికి జవాబులు వచ్చే పత్రికలో రాస్తాను. మూడోదానికి జవాబు మీరే చెప్పాలి. కాగితం మీద రాసి, మెస్సు తలుపు పక్కన ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. రాయడం రాని చిన్న చెల్లెళ్లు నా దగ్గరికి వచ్చి నోటితో చెప్పండి, నేను రాసుకుంటాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
చుక్కల సంఘం నోటుబుక్కు బాధ్యురాలు